ఫారం 700 మీద ఒక సంతకం

మొదటి రోజు: హెండన్

2013 ఆగస్టులో రెండు వారాల సెలవు దొరికినప్పుడు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో కాపురముంటున్న మా చెల్లెలి ఇంటికి బయలుదేరాను. నేను వృత్తిరీత్యా ఎయిర్‌బస్ 320 నడిపే కెప్టెన్‌ను. కాబట్టి ఈ ప్రయాణంలో విమానాల జోలికి పోకూడదని ముందే అనుకున్నాను కానీ, హీత్రూలో ఉదయం దిగిన రెండు గంటలకే ఆ మాట తప్పి, లండన్ ఉత్తర శివారులో హెండన్ అనే చోట ఉన్న రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం ముందు నిలబడ్డాను. "అన్నయ్యా, సెలవులో కూడా అవేనా?" అని చెల్లెలు ఫోనులో విసుక్కుంది. ప్రవేశం ఉచితమని చెబితే మరీ నవ్వింది.

నేను వెళ్ళింది ఒకే ఒక్క విమానం కోసం. ఎఫ్1010 అనే సంఖ్య గల డీహెచ్ 9ఏ బాంబరు అది. రెండు జతల రెక్కలు, చెక్క చట్రం, దాని మీద బిగించిన గుడ్డ, ముందు నాలుగు వందల అశ్వశక్తి గల లిబర్టీ ఇంజను. దాని పక్కన రాసి ఉన్న అక్షరాలు చదివితే, హైదరాబాదులో పుట్టి పెరిగినవాడు ఎవడైనా ఒక క్షణం ఆగుతాడు. అది హైదరాబాదు నిజాం కానుకగా ఇచ్చిన విమానం. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాయుసేనలోని 110వ స్క్వాడ్రన్‌కు, అంటే విమాన దళానికి, కావలసిన విమానాలను ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ సమకూర్చడం వల్ల దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అన్న పేరు వచ్చింది. 1918 అక్టోబరులో ఈ ఎఫ్1010 జర్మనీ మీద దాడికి వెళ్ళి శత్రువుల చేతికి చిక్కింది. బెర్లిన్‌లో యుద్ధ చిహ్నంగా ప్రదర్శనలో నిలబడింది, రెండో యుద్ధకాలంలో పోలండ్ చేరింది, చివరికి 1977లో రెండో యుద్ధకాలపు స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం ఒకటి ఇచ్చి బ్రిటిష్ వారు దీన్ని తిరిగి తెచ్చుకున్నారు. మనుషులకే అంత తిరుగుడు రాసిపెట్టి ఉండదు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇంకో రెండు స్క్వాడ్రన్‌లకు హైదరాబాద్ పేరు పెట్టారు: 152, 253. వీటిలో మొదటి సంఖ్య నాకు గుర్తుండిపోవడానికి కారణం చరిత్ర జ్ఞానం కాదు. బేగంపేటలో నేను తొలిసారి ఒంటరిగా ఎగిరింది సెస్నా 152 మీద. ఆ స్క్వాడ్రన్ చిహ్నంలో ఆసఫ్‌జాహీల దస్తార్, అంటే నిజాం తలపాగా ఉంటుందనీ, దాని కింద "విశ్వాసపాత్రుడైన మిత్రుడు" అన్న అర్థమిచ్చే ఇంగ్లీషు మాటలు ఉంటాయనీ అంతకు ముందే చదివాను. నల్లగొండ జిల్లాలో మా తాతగారు కట్టిన శిస్తులో ఏ పైసా ఆ విమానాల రేకుగా మారిందో అని హాస్యానికి అనుకున్నాను కానీ, బయటికి వచ్చి రైలు ఎక్కాక అది అంత హాస్యంగా తోచలేదు.

రెండో రోజు: సౌతాంప్టన్

ఈ రోజు గురించి చెప్పవలసింది తక్కువ. మధ్యాహ్నం దాకా నిద్రపోయి, చెల్లెలు చేసిన గోంగూర పచ్చడితో అన్నం తిని, బావగారితో కలిసి ఇచెన్ నది ఒడ్డున వూల్‌స్టన్ వైపు నడిచాను. స్పిట్‌ఫైర్లు తయారైన సూపర్‌మెరీన్ కర్మాగారం అక్కడే ఉండేది. 1940 సెప్టెంబరు చివరి వారంలో జర్మన్ బాంబులు దాన్ని ధ్వంసం చేస్తే, పనిని చుట్టుపక్కల గ్యారేజీలకూ లాండ్రీలకూ పంచి నిర్మాణం కొనసాగించారు. తొలి స్పిట్‌ఫైర్ 1936 మార్చి 5న ఎగిరిన ఈస్ట్‌లీ మైదానమే ఇప్పటి సౌతాంప్టన్ విమానాశ్రయం. దాన్ని రూపొందించిన ఆర్. జె. మిచెల్ మరుసటి సంవత్సరమే, నలభై రెండేళ్ళ వయసులో, క్యాన్సర్‌తో మరణించాడు. యుద్ధంలో తన విమానం ఏం చేసిందో ఆయన చూడలేదు.

152వ స్క్వాడ్రన్ 1940 జూలై నుంచి 1941 ఏప్రిల్ దాకా డార్సెట్ జిల్లాలోని వార్మ్‌వెల్ అనే పచ్చిక మైదానం నుంచి ఎగిరిందని తెలుసు కనుక, మర్నాడు అక్కడికి వెళతానన్నాను. బావగారికి ఆఫీసు. చెల్లెలికి పిల్లల పని. పులిహోర డబ్బా ఒకటి నా సంచిలో చేరింది.

మూడో రోజు: మోర్టన్, వార్మ్‌వెల్

సౌతాంప్టన్ నుంచి వేమత్ వెళ్ళే రైలులో మోర్టన్ అనే చిన్న స్టేషను దగ్గర దిగాను. దిగినది నేనొక్కడినే. సన్నని వాన. వార్మ్‌వెల్‌కు నడిచే ముందు, రెండు మైళ్ళ లోపే ఉన్న మోర్టన్ గ్రామంలోని సెయింట్ నికొలస్ చర్చి చూడాలని అటు మళ్ళాను.

ఆ చర్చికి రంగుటద్దాలు లేవు. 1940 అక్టోబరులో ఒక జర్మన్ విమానం వదిలించుకుని పోయిన బాంబుకు గోడ కూలి, పాత అద్దాలన్నీ పగిలిపోయాయి. తరువాత లారెన్స్ విస్లర్ అనే కళాకారుడు తెల్లని గాజు మీద సూదిమొనతో బొమ్మలు చెక్కి, 1955 నుంచి దాదాపు ముప్ఫై ఏళ్ళ పాటు ఒక్కొక్క కిటికీనే నింపుతూ వచ్చాడు. గాజులో రంగు లేనందువల్ల బయటి చెట్లూ మబ్బూ కూడా బొమ్మలో కలిసిపోతాయి. వాటిలో ఒక కిటికీ 1940లో మరణించిన ఒక పైలట్ జ్ఞాపకార్థం చేసింది. విరిగిన ప్రొపెల్లర్ ఒకటి, ఆకాశంలో విమానం వదిలిన పొగ చారలు అందులో కనిపిస్తాయి. అరేబియా లారెన్సుగా పేరు పొందిన టి. ఇ. లారెన్స్ సమాధి కూడా ఈ ఊళ్ళోనే ఉంది కనుక వచ్చే యాత్రికులు ఎక్కువమంది అటే పోతారు. నేను మాత్రం ఆ ప్రొపెల్లర్ ముందు చాలాసేపు నిలబడ్డాను.

"అది ఎటు తిరిగేదో చెప్పగలరా?" అని వెనుక నుంచి ఎవరో అడిగారు.

చివరి బెంచీ మీద చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించుకుని ఒక వృద్ధుడు కూర్చుని ఉన్నారు. పైలట్‌ను కదా అన్న ధీమాతో, స్పిట్‌ఫైర్‌లో ఉండే మెర్లిన్ ఇంజనైతే కాక్‌పిట్ నుంచి చూసినప్పుడు కుడివైపుకు, గడియారం ముల్లులాగా, తిరుగుతుందని చెప్పాను.

"ఇంజను మాట నేను అడగలేదు. బొమ్మ మాట అడిగాను. గాజు మీద చెక్కినది. లోపలి నుంచి చూస్తే ఒకలాగా, బయట సమాధుల మధ్య నుంచి చూస్తే ఇంకొకలాగా తిరుగుతుంది. నేను రెండు వైపుల నుంచీ చూశాను," అన్నారాయన. మెకానిక్కులు ఎక్కడి వారైనా ఒకే జాతి. పైలట్ నోరు మూయించే ప్రశ్న ఒకటి ఎప్పుడూ దగ్గర పెట్టుకుంటారు.

దగ్గరికి వెళ్ళాక ఆయన కోటు మీద చిన్న ఎనామెల్ బిళ్ళ కనిపించింది. రూపాయి బిళ్ళంత కూడా లేదు. కిరీటం, వలయం, వలయం మధ్యలో తలపాగా. నాకు మాట రావడానికి కొంత సమయం పట్టింది. "అది మా ఊరి దస్తార్," అన్నాను.

ఆయన బిళ్ళ వైపు చూసుకుని, మళ్ళీ నా వైపు చూశారు. అరవై ఏళ్ళకు పైగా అప్పుడప్పుడూ దాన్ని పెట్టుకుంటున్నాననీ, అది పుట్టగొడుగా, క్రిస్మస్ పుడ్డింగా అని అడిగినవారు ఉన్నారే తప్ప దాన్ని గుర్తుపట్టిన మనిషి ఇంతవరకూ కనబడలేదనీ చెప్పారు. ఆయన 1942లో, ఇరవయ్యో ఏట, 152వ స్క్వాడ్రన్‌లో ఇంజన్ ఫిట్టరుగా చేరారు. వార్మ్‌వెల్ రోజులు ఆయనవి కావు. స్క్వాడ్రన్ అప్పటికి ఉత్తర ఐర్లాండ్‌కు మారిపోయింది. కానీ ఇంటి దగ్గరి మైదానం కనుక, చనిపోయిన సీనియర్ల సమాధులను చూడడానికి నెలకొకసారి వస్తారు. ఆయన కుమార్తె చర్చి పూలు మార్చి వచ్చేసరికి, తండ్రి పక్కన ఒక భారతీయుడు కూర్చుని పులిహోర తినిపిస్తూ ఉండడం చూసి ఆశ్చర్యపోయింది. ఆవపిండి ఘాటుకు ఆయన కళ్ళు తుడుచుకున్నారు కానీ రెండోసారి కూడా చెయ్యి చాచారు.

వాళ్ళ కారులోనే వార్మ్‌వెల్ వెళ్ళాము. మైదానం ఆనవాలు పెద్దగా లేదు. చాలా భాగం కంకర తవ్వే గోతులైపోయింది, ఒక అంచున క్రాస్‌వేస్ అనే కొత్త ఊరు పెరిగింది, అక్కడ ఒక జ్ఞాపక శిల ఉంది. వార్మ్‌వెల్ ఊరి చర్చి ఆవరణలో మాత్రం వాయుసేన సమాధులు శుభ్రంగా, తెల్లగా ఉన్నాయి. రాళ్ళ మీది వయసులు చదువుతూ పోతే, నా పక్క సీటులో కూర్చునే కో-పైలట్లు చాలామంది వీళ్ళకన్నా పెద్దవాళ్ళేనని తెలిసింది. పోర్ట్‌లాండ్ నౌకాస్థావరాన్ని కాపాడడానికి ఆ వేసవిలో ఇక్కడి నుంచి రోజుకు మూడు నాలుగుసార్లు ఎగిరినవాళ్ళు వీళ్ళు. ఒక్కొక్క రాయి ముందూ పెద్దాయన ఆగలేదు. నాలుగు రాళ్ళ ముందు మాత్రం ఆగి, టోపీ తీసి, ఏమీ అనకుండా మళ్ళీ పెట్టుకున్నారు.

విడిపోయేటప్పుడు, మర్నాడు డార్చెస్టర్‌లోని తమ ఇంటికి టీకి రమ్మన్నారు. "మీరు కెప్టెన్ కదా, మిమ్మల్ని ఒక సంగతి అడగాలి," అన్నారు. కుమార్తె ఆయన వైపు ఒకసారి తిరిగి చూసింది.

నాలుగో రోజు: డార్చెస్టర్

వరుసగా ఒకే తీరున కట్టిన ఎర్ర ఇటుక ఇళ్ళలో ఒకటి. వెనుక చిన్న పెరడు, చిక్కుడు పాదు, పనిముట్ల గది. యుద్ధం తరువాత ఆయన నలభై ఏళ్ళు బస్సుల గ్యారేజీలో పనిచేసి రిటైరయ్యారు. టీ, ఆయన కుమార్తె చేసిన కేకు, ఒక ఫోటోల ఆల్బమ్ బల్ల మీద ఉన్నాయి.

మొదట నన్నే ప్రశ్నించారు. ఆ తలపాగా ఎవరిది, ఆయన బ్రిటిష్ వారికి విమానాలు ఎందుకు ఇచ్చాడు, తరువాత ఏమయ్యాడు? నేను చెప్పగలిగినంత చెప్పాను. ప్రపంచంలో అందరికన్నా ధనవంతుడని ఒకప్పుడు పత్రికలు రాసిన రాజు. బిళ్ళ మీద ఉన్న "విశ్వాసపాత్రుడైన మిత్రుడు" అన్న మాట బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు ఇచ్చిన బిరుదులోనిది. యుద్ధాలకు ఆయన ఇచ్చిన ధనం వెనుక, దొరల గడీల్లో వెట్టి చేస్తూ శిస్తులు కట్టిన తెలంగాణ రైతులు ఉన్నారు. యుద్ధం ముగిసిన మరుసటి ఏడే ఆ రైతులు సాయుధంగా తిరగబడ్డారు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం అయిదు రోజుల్లో ఆ రాజ్యాన్ని స్వాధీనం చేసుకున్నప్పుడు, స్నేహితులైన బ్రిటిష్ వారు ఆయన కోసం వేలు కూడా కదపలేదు. పెద్దాయన చాలా శ్రద్ధగా విన్నారు. "మాకు ఇవేవీ చెప్పలేదు. బిళ్ళ ఇచ్చారు, పెట్టుకున్నాం," అన్నారు.

తరువాత ఆల్బమ్ తెరిచారు. అల్జీరియా, ట్యునీషియా, మాల్టా, సిసిలీ, ఇటలీ పేజీలు చకచకా తిరిగిపోయాయి. 1943 చివర్లో స్క్వాడ్రన్‌ను కలకత్తా దగ్గరి బైగాచీకి తరలించారు. అక్కడి పేజీలో ఫోటోలు రెండే ఉన్నాయి. ఎందుకని అడిగితే, కెమెరా తీయబుద్ధి కాలేదన్నారు. బెంగాల్ కరువు ఏడాది అది. మెస్ వెనుక చెత్త డబ్బాల చుట్టూ పిల్లలు నిలబడేవారట. తెల్లవారుజామున రోడ్డు మీద వెళ్ళే లారీల్లో ఏముందో మొదటి రెండు రోజులూ అర్థం కాలేదట, మూడో రోజు అర్థమైందట. "అప్పటికి మా తలపాగా రాజు దగ్గర అంత డబ్బు ఉందని తెలిసి ఉంటే," అని మొదలుపెట్టి ఆగిపోయారు. తరువాత, "మా రాజు దగ్గర మాత్రం తక్కువ ఉందా?" అని తానే అన్నారు.

1944 వేసవికి వాళ్ళు మణిపూర్‌లో, ఇంఫాల్ లోయ దక్షిణపు అంచున ఉన్న పాలెల్ మైదానానికి చేరారు. మార్చి నెలాఖరు నుంచి కొహిమా వైపు రోడ్డును జపాన్ సైన్యం తెంచేసింది. జూన్ 22న అది మళ్ళీ తెరుచుకునే దాకా లోయలోని లక్షన్నర మందికి బియ్యం నుంచి మందుగుండు దాకా అంతా డకోటా రవాణా విమానాలే మోయవలసి వచ్చింది. ఆ డకోటాలను కాచడం స్పిట్‌ఫైర్ల పని. వీళ్ళ విమానాలు ఎనిమిదో రకానివి. పక్కల మీద దూకుతున్న నల్ల చిరుతను గీసుకున్నారు. ఫోటోలో ఆ చిరుత కింద బనియనూ నిక్కరూ వేసుకుని, మోకాళ్ళ దాకా బురదతో నవ్వుతున్న కుర్రవాడు ఆయనే.

ఇక్కడి నుంచి ఆయన గొంతు మారింది. అది వృద్ధుడు జ్ఞాపకాలు చెప్పే గొంతు కాదు, పనివాడు పని వివరించే గొంతు. స్పిట్‌ఫైర్ రేడియేటర్లు రెక్కల కింద ఉంటాయి. చక్రాలు దించి నేల మీద ఉన్నంతసేపూ చక్రపు కాలు ఒక రేడియేటరుకు గాలి అందనివ్వదు. ఇంగ్లండ్‌లోనే అది తొందరగా వేడెక్కే ఇంజను. మణిపూర్ ఎండలో స్టార్ట్ చేసిన క్షణం నుంచి రన్‌వే చివరికి చేరేలోపు ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత వైపు పరుగెత్తేది. అందుకని పైలట్ కూర్చుని పట్టీలు కట్టుకున్నాక, రన్‌వే ఖాళీ అయ్యాకే స్టార్టు. బురదలో తోక లేచిపోకుండా ఒక ఫిట్టరు తోక మీద బోర్లా పడుకుని రన్‌వే దాకా వెళ్ళేవాడు, అక్కడ దూకేసేవాడు. వాన వెలిసిన ప్రతిసారీ ఇంజనుకు నిప్పురవ్వ అందించే మాగ్నెటోలు విప్పి తుడవాలి. రాత్రి పని టార్చి వెలుగులో, టార్చి మీద ఎర్ర గుడ్డ కప్పి. జూలై మొదట్లో ఒక రాత్రి జపాన్ సైనికులు మైదానంలోకే చొరబడి నిలిపి ఉన్న కొన్ని విమానాలను పేల్చివేశారు కూడా.

నేనొక మాట అడ్డువేశాను. ఆ పాలెల్ కొండల మీద అవతలి వైపు ఆజాద్ హింద్ ఫౌజ్ కూడా ఉంది. నేతాజీతో పాటు జర్మన్, ఆపైన జపాన్ జలాంతర్గాముల్లో మూడు నెలలు ప్రయాణం చేసిన, "జై హింద్" అన్న పలకరింపును రూపొందించిన ఆబిద్ హసన్ హైదరాబాదు వాడే, ఇంఫాల్ పోరులో ఉన్నవాడే. మా ఊరి దస్తార్ మీ విమానాల గుర్తులో, మా ఊరి మనిషి మీ కొండ అవతల. ఆయన కాసేపు ఆలోచించి, "మా తుపాకులు అతన్ని కొట్టలేదు కదా?" అని అడిగారు. లేదు, యుద్ధం తరువాత స్వతంత్ర భారత రాయబారిగా పనిచేసి, 1984లో హైదరాబాదులోనే పోయారని చెప్పాను. "మంచిది," అన్నారు.

అప్పుడు తనకు కావలసిన ప్రశ్నకు వచ్చారు.

రోడ్డు తెరుచుకున్న తరువాతి వారంలో ఒక ఉదయం నాలుగు విమానాలు బయలుదేరాయి. మూడు తిరిగి వచ్చాయి. రానిది ఈయన చూసే విమానం. పైలట్‌కు ఇరవై ఒక్క ఏళ్ళు. రెక్క మీద నిలబడి అతని భుజాల మీదుగా పట్టీలు బిగించింది ఈయన. బిగించేటప్పుడు ఆ కుర్రవాడు, తన జీతం కాగితంలో గుమాస్తా మళ్ళీ పేరు తప్పు రాశాడని తిట్టుకుంటున్నాడట. అతని ఇంటిపేరులో ఒక అక్షరం రెండుసార్లు రావాలి. ఎవరు రాసినా ఒకసారే రాసేవారు. తిరిగి వచ్చిన ముగ్గురూ కొండల మీద మబ్బులోకి దూరామనీ, బయటికి వచ్చాక అతను కనబడలేదనీ చెప్పారు. శత్రువు లేడు. రేడియోలో మాట లేదు. శకలాలు దొరకలేదు.

"ఆ ఉదయం ఫారం 700 మీద ఇంజను గడిలో ఉన్నది నా సంతకం," అన్నారు.

ఫారం 700 అంటే వాయుసేనలో ప్రతి విమానానికీ ఉండే మరమ్మతుల పుస్తకం. ఫిట్టరు సంతకం చేస్తాడు, దాన్ని చూసి పైలట్ సంతకం చేస్తాడు, ఆ తరువాతే విమానం కదులుతుంది. మా టెక్‌లాగ్ కూడా అంతే. ప్రతి సెక్టారుకూ, అంటే ఒక్కొక్క ప్రయాణానికీ, ముందు నేను దాన్ని తెరుస్తాను, గ్రౌండ్ ఇంజనీరు సంతకం ఉందో లేదో చూస్తాను, నాది పెడతాను. పదమూడేళ్ళలో కొన్ని వేలసార్లు అలా చేసి ఉంటాను. సంతకం ఉందా అని చూశానే తప్ప ఎవరిదని చదివినది బహుశా పదిసార్లు కూడా లేదు. అది నాకు ఆ బల్ల ముందు కూర్చున్నప్పుడు తట్టింది, చెంపమీద తగిలినట్టుగా.

ఆయన అడిగింది ఇది: మబ్బులో ఉన్నప్పుడు ఇంజను ఆగితే పైలట్ రేడియోలో చెప్పగలిగేవాడా? చెప్పలేదు గనుక ఇంజను ఆగలేదని అనుకోవచ్చా?

అవును అనడం చాలా తేలిక. అరవై తొమ్మిదేళ్ళ తరువాత ఒక ముసలాయనకు ఒక్క మాట ఇచ్చి వెళ్ళిపోవచ్చు. కానీ నలభై ఏళ్ళు బస్సు ఇంజన్లు విప్పిన మనిషికి, ఊరట కోసం చెప్పే మాట శబ్దం వేరుగా వినిపిస్తుంది. నాకు తెలిసినదే చెప్పాను. రుతుపవన కాలంలో ఆ కొండల మీద లేచే మేఘాలను ఈ రోజు మేము వెదర్ రాడార్‌లో ఎర్రగా చూసి, ఇరవై నాటికల్ మైళ్ళు పక్కకు తప్పుకుని పోతాము. డెబ్భై టన్నుల విమానంతో కూడా లోపలికి వెళ్ళము. అదే 1944 ఆగస్టు 10న పాలెల్ నుంచి బైగాచీకి వెళుతున్న 615వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు పదహారు అలాంటి మేఘంలో చిక్కితే, ఎనిమిది విమానాలు పోయాయి, నలుగురు పైలట్లు చనిపోయారు. పదహారు ఇంజన్లలో ఎనిమిది ఒకేసారి చెడిపోవు. మేఘం లోపల విమానం తలకిందులైతే, చుట్టూ ఏమీ కనబడనప్పుడు, రేడియో బటన్ నొక్కే చెయ్యి ఉండదు. కాబట్టి మేఘమే కారణం కావడానికి అవకాశం చాలా ఎక్కువ. "అయితే ఇంజను కాదని నేను ప్రమాణం చేయలేను, సర్. ఎవరూ చేయలేరు," అన్నాను.

ఆయన తల పంకించారు. "615 సంగతి నాకు తెలుసు. వాళ్ళ ఫిట్టర్లలో ఒకడితో దాని గురించి మాట్లాడాను కూడా," అన్నారు. కాసేపాగి, "మీరు ప్రమాణం చేసి ఉంటే ఇంకొక కప్పు టీ ఇచ్చి పంపేసేవాణ్ణి," అన్నారు.

ఇంకొక కప్పు టీ కూడా వచ్చింది. దానితో పాటు ఒక చిన్న కాగితం. ఆసియాలో ఎగిరి, సమాధి అంటూ లేకుండా పోయిన వాయుసైనికుల పేర్లు సింగపూర్‌లోని క్రాంజీ స్మారకం మీద చెక్కారు. ఆయన ఎన్నడూ వెళ్ళలేదు; 1946లో స్క్వాడ్రన్ సింగపూర్‌లోనే రద్దయినా, అంతకు ముందే ఆయన ఇంటికి చేరారు. నేను సింగపూర్ వెళ్ళే సర్వీసులు నడుపుతానని మాటల మధ్యలో చెప్పి ఉన్నాను. కాగితం మీద ఆ పేరు పెద్ద అక్షరాలతో రాసి ఉంది. రెండుసార్లు రావలసిన అక్షరం కింద పెన్సిలుతో గీత. "అక్షరం సరిగా ఉందో లేదో చూడండి. అంతే," అన్నారు.

అయిదో రోజు: రన్నిమీడ్

ఆదివారం కావడంతో చెల్లెలి కుటుంబమంతా కారులో బయలుదేరి, థేమ్స్ ఒడ్డున రన్నిమీడ్ కొండ మీద ఉన్న వాయుసేనల స్మారకానికి వెళ్ళాము. బ్రిటన్ నుంచీ ఐరోపా నుంచీ ఎగిరి ఆనవాలు లేకుండా పోయిన ఇరవై వేల మందికి పైగా పేర్లు అక్కడి గోడల మీద ఉన్నాయి. యుద్ధంలో బ్రిటిష్ వారికి గూఢచారిగా పనిచేసిన మన నూర్ ఇనాయత్ ఖాన్ పేరు కూడా అక్కడే. పిల్లలు వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టి మూడో పలకకే మానేశారు. నేను మాత్రం గోడల మీద ఒక పేరును వెతికే పద్ధతి ఏమిటో చూసుకున్నాను: ముందు సంవత్సరం, తరువాత హోదా, తరువాత అక్షరక్రమం. ఆ రాత్రే తిరుగు ప్రయాణం.

అక్టోబరు: సింగపూర్

రోస్టరులో సింగపూర్ లేఓవర్ రావడానికి రెండు నెలలు పట్టింది. రాత్రంతా ఎగిరి తెల్లవారి దిగాము. మూడు గంటలు పడుకుని, ఎమ్మార్టీ రైలులో క్రాంజీ స్టేషనుకు వెళ్ళి, అక్కడి నుంచి నడిచాను. పచ్చిక పరిచిన కొండవాలు మీద నాలుగు వేలకు పైగా సమాధులు. పైన, విమానపు రెక్కలా పరచుకున్న కప్పు, దాని మీద తోకలాగా నిలువుగా లేచిన స్తంభం. కప్పు కింద వరుసగా గోడలు, వాటి రెండు వైపులా, ఇరవై నాలుగు వేలకు మించిన పేర్లు. అధికభాగం సైనికులవి. మలయాలో, సింగపూర్‌లో పోయిన భారతీయ సైనికుల పేర్లు గోడల తరువాత గోడలుగా ఉన్నాయి. వాటిలో మన ఇంటిపేర్లలా ధ్వనించినవి చూసినప్పుడు అడుగు ఆగింది కానీ, ముందు వచ్చిన పని చూడాలని కదిలాను.

వాయుసేన పేర్లు ఉన్న చోటు, అందులో 1944, అందులో ఆ హోదా. వేలు పెట్టి కిందికి జరుపుతూ వచ్చాను. పేరు నా తలకన్నా జానెడు ఎత్తులో ఉంది. ఆ సమయానికి ఎండ వెలుగు నేరుగా గోడ మీద పడుతూ ఉండడం వల్ల అక్షరాలకు నీడ లేక, చెక్కడం సరిగా కనబడలేదు. జేబులోంచి బోర్డింగ్ కార్డు తీసి అడ్డుపెట్టి నీడ చేసి చదివాను. తరువాత వేలితో కూడా తడిమాను. ఆ అక్షరం రెండుసార్లు ఉంది.

రెండు ఫోటోలు తీశాను, ఒకటి గోడ మొత్తానికి, ఒకటి దగ్గరగా, నా వేలు ఆ రెండు అక్షరాల కింద ఆనించి. ఆయన కంప్యూటరు వాడరు. హోటలు పక్క దుకాణంలో వాటిని ప్రింటు తీయించి, కవరులో పెట్టి, డార్చెస్టర్ చిరునామా రాసి పోస్టు చేశాను. సాయంత్రం విమానం దగ్గరకు వెళ్ళి టెక్‌లాగ్ తెరిచాను. రాత్రి డ్యూటీలో ఉన్న ఇంజనీరు సంతకం గొలుసుకట్టు రాతలో ఉంది. చదవడానికి రాక, కిందికి దిగి ఆయన పేరు అడిగాను. ఏమైనా తప్పుందా అని ఆయన కంగారుపడ్డారు. ఏమీ లేదని చెప్పి, పేరు విని, పైకి వచ్చి నా సంతకం పెట్టాను.